ఆ నూలు గ్లౌజులు తీసి అవతల పారెయ్యండి

రంపం మిషన్ పట్టే కూలీ చేతికి నూలు గ్లౌజులు తొడిగి, "జాగ్రత్తలన్నీ తీసుకున్నాం" అనే ప్రతి మేస్త్రీ, ప్రతి కాంట్రాక్టరు, ప్రతి కలప వ్యాపారి మోసం చేస్తున్నాడు. ఇంతకన్నా మెత్తని మాట నాకు దొరకలేదు. వెతకనూ లేదు. ఆ గ్లౌజులు మీరూ చూసే ఉంటారు. తెల్లటి అల్లిక, అరచేతి మీద రబ్బరు చుక్కలు, ఇనుప సామాన్ల కొట్లో కట్టలు కట్టలుగా వేలాడుతుంటాయి. ఇటుకలు అందించడానికి పనికొస్తాయి, లారీలోంచి పెట్టెలు దించడానికి పనికొస్తాయి. గంటకు డెబ్బై కిలోమీటర్లు దాటిన వేగంతో పరుగెత్తే ఉక్కు పళ్ల చెయిన్ ముందు మాత్రం అవి ఒట్టి గుడ్డపేలికలు. ఆ సంగతి కొన్నవాడికి తెలుసు, అమ్మినవాడికి తెలుసు. తొడుక్కున్నవాడికే ఎవరూ చెప్పలేదు.

కారంచేడు, పర్చూరు, ఇంకొల్లు, చీరాల: ఈ నాలుగింటి మధ్య తిరిగితే ఏదో ఒక గట్టున రంపం మిషన్ రొద వినపడుతూనే ఉంటుంది. పేపరు మిల్లులకు పోయే సుబాబుల్, జామాయిల్. చీరాల, వేటపాలెం ఇసుకలో సరుగుడు. కాలవ గట్ల మీద, చెరువుల్లో ఎవరూ నాటకుండానే ఊళ్లకు ఊళ్లు కమ్మేసిన సర్కారు తుమ్మ, మన వైపు చిల్లచెట్టు అంటాం. ఒకప్పుడు ఇద్దరు మనుషులు చెరో కొస పట్టుకుని లాగిన రంపం పోయింది, గొడ్డలి పక్కకు పోయింది. మిషన్ వచ్చింది. పని నాలుగింతలు వేగమైంది. చేతికి వచ్చే ప్రమాదం కూడా ఆ లెక్కనే పెరిగిందని ఒక్కళ్లూ అనుకోలేదు.

ఇక తుపాను వస్తే చెప్పేదేముంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గరే తీరం దాటింది. ఆ తర్వాతి రోజుల్లో రోడ్డుకు అడ్డం పడ్డ వేపలు, నిద్రగన్నేర్లు, కరెంటు తీగల మీదికి వాలిన తాటిచెట్లు తీసింది ఎవరు? ఎన్డీఆర్‌ఎఫ్ వాళ్లు కొందరు. వాళ్లకు హెల్మెట్లున్నాయి, బూట్లున్నాయి, శిక్షణ ఉంది. మిగతా ఊళ్లన్నిటిలో తీసింది మన కూలీలే. అప్పుడు చీరాల రోడ్డు మీద మిషన్ పట్టిన ఒకతని చేతులు నాకు ఇప్పటికీ కళ్లలో ఉన్నాయి. కుడి గ్లౌజుకి చూపుడువేలు కొన కత్తిరించేసుకున్నాడు. అదేంటయ్యా అంటే, "ఎక్సలేటర్ నొక్కితే బిగువు తెలీట్లేదండీ" అన్నాడు. ఎడమ గ్లౌజు కాలిన ఆయిల్లో నాని నల్లగా, జిడ్డుగా ఉంది. మణికట్టు దగ్గర అల్లిక ఊడిపోయి జానెడు దారం వేలాడుతోంది. ఆ దారానికీ తిరిగే చెయిన్‌కీ మధ్య దూరం కూడా అంతే, జానెడు. పక్కనే గొడుగు కింద నిలబడ్డ పెద్దమనిషి ఒకాయన "గ్లౌజులిచ్చాంగా" అన్నాడు నాతో.

ఆ ఒక్క మాట మీదే నా కోపమంతా. ఇచ్చారు సరే, ఏమిచ్చారు?

మిషన్ సంగతి తెలిసినవాళ్లకు ఒక విషయం తెలుసు. రంపం మిషన్ పట్టుకునే పద్ధతిలోనే ప్రమాదం రెండు చేతులకూ సమానంగా ఉండదు. కుడి చెయ్యి వెనక పిడి మీద, ఎక్సలేటర్ దగ్గర ఉంటుంది. ఎడమ చెయ్యి ముందు పిడి మీద, చెయిన్ తిరిగే బార్‌కి దగ్గరగా ఉంటుంది. బార్ ముక్కు పైభాగం ఏ దుంగకో తగిలి మిషన్ ఒక్కసారి పైకి, వెనక్కి ఎగరతన్నినప్పుడు ఎడమ చెయ్యి జారిందంటే చెయిన్ కోసేది ఆ చేతి వెనక భాగాన్నే, వేళ్ల మొదళ్లనే. అందుకే రంపం పని కోసమని తయారుచేసే అసలు గ్లౌజుల్లో రక్షణ పొరను ఎడమ చేతి వీపు మీద పెడతారు. కొన్నిట్లో వేళ్ల మొదళ్ల వరకే ఉంటుంది, కొన్నిట్లో నాలుగు వేళ్ల వీపు మీదికీ వస్తుంది. ఈ రెండో రకమే కొనాలి. అరచేతి వైపు ఆ పొర ఉండదు. ఉంటే పిడి బిగిసి దొరకదు, పట్టు లేకపోతే మిషనే చేతిలో ఉండదు.

ఆ పొర చేసే పని కత్తికి అడ్డం పడటం కాదు. పైతోలు తెగగానే లోపలున్న పొడవాటి గట్టి పోగులు బయటికొచ్చి, చెయిన్ పళ్లకు చుట్టుకుని, స్ప్రాకెట్ దాకా పోయి చెయిన్‌ని పట్టేస్తాయి. ఇది ఏ వేగం దాకా పనిచేస్తుందో ప్రయోగశాలలో నడుస్తున్న చెయిన్ పెట్టి పరీక్షిస్తారు. ఆ ప్రమాణం పేరు ఐఎస్‌ఓ 11393, అందులో గ్లౌజులది నాలుగో భాగం. అంతకుముందు యూరప్‌లో ఈఎన్ 381-7 అనేవాళ్లు, పాత సరుకు మీద ఇప్పటికీ అదే ఉంటుంది. తరగతి 0 అంటే సెకనుకు 16 మీటర్లు, 1 అంటే 20, 2 అంటే 24, 3 అంటే 28 మీటర్ల చెయిన్ వేగం. సెకనుకు 20 మీటర్లంటే గంటకు 72 కిలోమీటర్లు. గ్లౌజు మీద లేబుల్ తిప్పి చూడండి. రంపం మిషన్ బొమ్మ, దాని దగ్గర తరగతి, ప్రమాణం నంబరు ఉండాలి. ఆ మూడూ లేనిది ఎంత మందంగా ఉన్నా, ఎంత ఖరీదైనదైనా రంపం గ్లౌజు కాదు.

ఇక్కడే ఇంకో దగా నడుస్తోంది. "కట్ లెవెల్ 5" అని, "ఎఫ్ గ్రేడ్" అని బూడిదరంగు అల్లిక గ్లౌజులు అమ్ముతున్నారు, రంపానికి కూడా పనికొస్తాయని చెప్పి మరీ. ఆ అంకె, ఆ అక్షరం ఈఎన్ 388 అనే వేరే ప్రమాణానివి. అక్కడ చేసే పరీక్ష ఒక బ్లేడుని నిర్ణీత బరువుతో గుడ్డ మీద నడిపి ఎప్పుడు తెగుతుందో చూడటం. గాజు పలకలు, రేకులు మోసేవాళ్లకు అది అక్కరకొచ్చే సంగతే. ఇంజను లాగుతున్న చెయిన్‌ని అది ఆపుతుందని ఆ ప్రమాణం ఎక్కడా చెప్పలేదు. అలా చెప్పి అమ్మడం ఒక మనిషి వేళ్లతో చేసే జూదం. ఆ జూదంలో పందెం కాసేది కొట్టువాడు కాదు.

కరెంటు తీగల కింద కొమ్మలు కొట్టించేవాళ్లు రబ్బరు గ్లౌజులు ఇస్తారు. అవి ఐఎస్ 4770 ప్రకారం షాకు తగలకుండా చేసినవి. చెయిన్ తగిలితే అవి బెలూన్లలా చిరిగిపోతాయి. తోలు రంపం గ్లౌజేమో కరెంటును ఆపదు. ఆ రెండు ప్రమాదాలూ ఉన్నచోట ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసుకుని లైను ఆపాకే మిషన్ స్టార్టు చెయ్యాలి, వేరే దారి లేదు. గ్రైండర్‌కి బిగించే చెయిన్ చక్రాలని ఒకటి వచ్చింది మార్కెట్లోకి. దానికి గార్డు సరిగా ఉండదు, బ్రేకు అసలే ఉండదు. దాన్ని వాడే చేతిని ప్రపంచంలో ఏ గ్లౌజూ కాపాడదు. దాన్ని ఊళ్లోకి రానివ్వకండి.

సైజు గురించి చెప్పకపోతే పైన చెప్పిందంతా వృథా. దర్జీ టేపు తీసుకుని బొటనవేలు వదిలేసి అరచెయ్యి చుట్టూ, వేళ్ల మొదళ్ల దగ్గర కొలవండి. దాదాపు 203 మిల్లీమీటర్లుంటే 8 నంబరు, 229 ఉంటే 9, 254 ఉంటే 10. మన కొట్లలో దొరికేది "ఫ్రీ సైజు". ఫ్రీ సైజంటే ఎవడికీ సరిపోనిది. బక్కచేతుల కుర్రాడికి వేళ్ల కొసలు అంగుళం బయటికి వేలాడతాయి. అతను పిడిని పట్టుకోలేడు, ఎక్సలేటర్‌ని అంచనా వెయ్యలేడు. అందుకే వేలి కొన కత్తిరించేసుకుంటాడు. ఆ చీరాల రోడ్డు మీద మనిషి చేసింది అజ్ఞానం అని నేనెప్పుడూ అనను. తనకి సరిపోని వస్తువు తన చేతిలో పెడితే తనకి తోచిన మరమ్మతు తను చేసుకున్నాడు.

కొనేటప్పుడు తొడుక్కుని గడ్డపార గట్టిగా పట్టుకుని చూడమనండి. పిడికిలి పూర్తిగా మూసుకోవాలి, బొటనవేలు కిందినుంచి చుట్టి రావాలి. చూపుడువేలు ఒక్కటే విడిగా కదలాలి. అరచేతి వైపు మేకతోలో, ఆయిల్ తగిలినా జారని పూతో ఉండాలి. మన దగ్గర చెయిన్‌కి పోసేది అసలు ఆయిల్ కాదు, బండ్లలోంచి తీసిన కాలిన ఆయిల్. అది అల్లికలోకి ఇంకితే పిడి చేతిలో నిలవదు. మణికట్టు దగ్గర బిగువుగా ఉండాలి, తాళ్లు, దారాలు వేలాడకూడదు. చిల్లచెట్టు ముల్లు అరచేతిలో దిగితే వారం పది రోజులు పనికి పోలేరు, అందుకని ముల్లు దిగని తోలు కావాలి. చెయిన్ ఆకురాయి పట్టేటప్పుడు, బిగించేటప్పుడు కూడా గ్లౌజు ఉండాల్సిందే. ఆగిపోయిన చెయిన్ కూడా కోస్తుంది. ఒక్కసారి చెయిన్ తగిలి లోపలి పోగులు బయటికొచ్చిన గ్లౌజు పని అయిపోయినట్టే. కుట్టించి మళ్లీ వాడకూడదు.

"మన ఎండలకు ఇవి పడవండీ" అంటారు. ఈ మాట ఎప్పుడూ గొడుగు కింద ఉన్నవాళ్లే అంటారు. మే నెలలో కారంచేడు పొలాల్లో ఎండ ఎలా ఉంటుందో నాకు తెలుసు. చెమటతో తడిసిన తోలుని ఎండలో పడేస్తే చెక్కలా బిగుస్తుందనీ తెలుసు. దానికి మందు రెండు జతలివ్వడం: ఒకటి నీడన ఆరుతుంటే ఇంకొకటి చేతికి. ఇంకా చెప్పాలంటే మిట్టమధ్యాహ్నం మిషన్ ఆపడం. ఆ రెండూ చెయ్యనివాడు ఎండ మీదికి నెపం నెట్టకూడదు.

మరో అభ్యంతరం దీనికన్నా బరువైనది, దాన్ని దాటేసి పోను. చలిదేశాల్లో ఆరితేరిన చెట్టుకోత పనివాళ్లలోనే కొందరు రంపం పొర ఉన్న గ్లౌజు అక్కర్లేదంటారు. మంచి పట్టున్న మామూలు తోలు గ్లౌజు చాలునంటారు. ముందు గార్డు చేతిని కాస్తుంది, మిషన్ ఎగరగానే ఆ గార్డే చెయిన్ బ్రేకుని వేస్తుంది, ఇక చెయ్యి చెయిన్ దాకా ఎందుకు పోతుందని వాళ్ల వాదన. నిజమే, వాళ్ల మిషన్లకు బ్రేకు పనిచేస్తుంది. మన దగ్గర మిషన్లు వెళ్లి చూడండి. ముందు గార్డు విరిగిపోయి ఉంటుంది. ఉన్నా పనికి అడ్డమని బైండింగ్ వైరుతో వెనక్కి కట్టేసి ఉంటుంది. చెయిన్ వదులు, పళ్లు మొద్దు. మొద్దు చెయిన్‌ని బలంగా అదిమి కొయ్యాలి, అదిమితే మిషన్ తంతుంది. బ్రేకు సరిగా ఉన్న మిషన్, శిక్షణ పొందిన మనిషి ఉన్నచోట చేసే వాదన తెచ్చి, రెండూ లేనిచోట కూలీ చేతి నుంచి గ్లౌజు లాక్కోవడానికి వాడుకోకండి.

గ్లౌజు ఒక్కటే కాపాడుతుందని కూడా నేను చెప్పను. రంపం మిషన్ గాయాలు కాళ్లకూ చాలానే అవుతాయి. ప్యాంటులో కూడా ఇదే పోగుల పొర ఉండాలి. తలకి హెల్మెట్, కంటికి జాలీ, చెవికి మూత. రోజూ గంటల తరబడి ఆ అదురు చేతిలోకి దిగితే వేళ్లు తిమ్మిరెక్కి తెల్లబడే జబ్బు వస్తుంది, దాన్ని గ్లౌజు ఆపలేదు, విరామం కావాలి. అవన్నీ అడగాలి. కానీ ఇవాళ "ఇచ్చాం" అని చెప్పుకుంటున్నది గ్లౌజు ఒక్కదాన్నే కాబట్టి, అబద్ధాన్ని పట్టుకోవడం కూడా అక్కడినుంచే మొదలుపెట్టాలి.

ఇక ఖర్చు. ఇదొక్కటే అసలు అడ్డంకి, మిగతావన్నీ దానికి కప్పిన ముసుగులు. మంచి జత మూడు వేలు అనుకుందాం. ఒక ముఠా సీజనంతా కలిపి 300 టన్నులు కోసిందనుకుందాం. ఒక జతకి టన్నుకు పది రూపాయలు, రెండు జతలకు ఇరవై. లారీ తూకంలో, తేమ పేరు మీద, బెరడు పేరు మీద టన్నుకు ఎంత కోత పెడుతున్నారో సుబాబుల్ వేసిన రైతుని అడగండి, చెప్తాడు. ఆ కోతలు పెట్టడానికి అందరికీ చెయ్యి వస్తుంది, ఆ ఇరవై రూపాయలు తియ్యడానికి ఎవరికీ రాదు. రైతుని అడిగితే వ్యాపారి చూసుకుంటాడంటాడు. వ్యాపారి మేస్త్రీని చూపిస్తాడు. మేస్త్రీ, "మేమంతా కలిసి చేసుకునేవాళ్లమేనండీ, నేను యజమానినా?" అంటాడు. మిల్లుకి కూలీ పేరే తెలియదు. కంపెనీ మిషన్ పెట్టెలో గ్లౌజులు తప్పనిసరని రాసిన పుస్తకం పెట్టింది. పుస్తకం యజమాని ఇంట్లో ఉంది, మిషన్ కూలీ చేతిలో ఉంది.

చట్టం ఏం చేస్తోంది? 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టంలో ఒక పట్టిక ఉండేది. బొటనవేలు పోతే 30 శాతం. చూపుడువేలు మొత్తం పోతే 14. నడిమివేలు 12. ఉంగరంవేలు, చిటికెనవేలు చెరి 7. ఒక చేతి నాలుగు వేళ్లూ పోతే 50. ఆ చట్టం వర్తించే పనుల జాబితాలో తాటిచెట్లు గియ్యడం, చెట్లు నరకడం పక్కపక్కనే రాసి ఉండేవి. అంటే ఎన్నో ఏళ్ల కిందటే ఈ పనిలో మనుషుల చేతులు పోతాయని రాజ్యానికి తెలుసు, వేలు వేలుకీ లెక్క కట్టి ఉంచుకుంది. 1983లో పంట నూర్చే మిషన్లలో చేతులు పోతుంటే పార్లమెంటు ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం చేసింది. మొన్న 2025 నవంబరు 21న అమల్లోకి తెచ్చిన వృత్తి భద్రత కోడ్‌లో భద్రత కోసం ఇచ్చే దేనికీ కార్మికుడి దగ్గర పైసా తీసుకోకూడదని ఉంది. మంచి మాట. అయితే ఆ కోడ్ సాధారణంగా పదిమంది, అంతకు మించి పనివాళ్లున్న చోటుకే వర్తిస్తుంది. చెట్లు కోసే ముఠాలో ఉండేది నలుగురో ఐదుగురో. ముఠాని చిన్నదిగా ఉంచితే చట్టం గుమ్మం దాకా రాదు. మిల్లు దాకా లెక్క పెడితే ఒక్క లారీ కలప వెనక పదిమంది కాదు, ఎంతోమంది ఉన్నారు. లెక్క అక్కడినుంచి పెట్టరు, మిషన్ దగ్గర పెడతారు. ఈ పద్ధతి మారాలి.

కారంచేడు పేరెత్తి కూలీ ఒంటి గురించి మాట్లాడేటప్పుడు 1985 జూలై 17ని తలచుకోకుండా ఉండలేను. మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపిన రోజది. ఊరు వదిలి చీరాల చేరిన కుటుంబాలు, ఆ సెప్టెంబరులో పుట్టిన దళిత మహాసభ, సుప్రీంకోర్టు దాకా నడిచి 2008లో తీర్పు వచ్చిన కేసు. ఆ హత్యలతో గ్లౌజుల మాటని నేను తూచడం లేదు, అలా తూచడం పాపం. నేను చెప్పేది ఇంతే: ఈ నేల మీద కష్టం చేసేవాడి శరీరం చవక అనే నమ్మకం ఎంత లోతుకి దిగి ఉందో ఆ ఊరి చరిత్ర తెలిసిన ఎవరికైనా వేరే చెప్పక్కర్లేదు. ఆ నమ్మకం చేతిలో ఎప్పుడూ ఆయుధమే ఉండదు. ఒక్కోసారి నూలు గ్లౌజులు ఉంటాయి. ఇచ్చిన దాన్ని మాట్లాడకుండా తొడుక్కోవాలని చూస్తుంది.

మాట్లాడకుండా తొడుక్కోకండి. మిషన్ పట్టే అన్నలకూ తమ్ముళ్లకూ నేను ఇదే చెప్తున్నాను. ఇచ్చిన గ్లౌజు మీద రంపం బొమ్మ లేకపోతే వెనక్కి ఇవ్వండి. ముఠా అంతా కలిసి ఇవ్వండి, ఒక్కడు ఇస్తే రేపట్నుంచి వాణ్ణి పిలవరు. కొమ్మలు మోసే ఆడవాళ్ల చేతులకు కూడా ముల్లు దిగని తోలు గ్లౌజులు అడగండి. వాళ్లకి ఇప్పటిదాకా పేలికలు కూడా ఇవ్వలేదు.

మార్కెట్ కమిటీలకు చెప్తున్నాను: సుబాబుల్, జామాయిల్ కొనే వ్యాపారికి లైసెన్సు ఇచ్చేటప్పుడు, కోత ముఠాకి ఐఎస్‌ఓ 11393 గుర్తున్న గ్లౌజులు, ప్యాంట్లు కొన్న రసీదు చూపించమనండి. పంచాయతీలూ, కరెంటు డిస్కమూ తుపానుల కాలానికి ముందే, సెప్టెంబరు దాటకుండా, చెట్లు కోసేవాళ్ల కొలతలు తీసుకుని 8, 9, 10 నంబర్ల జతలు కొని పెట్టుకోవాలి. ఆ బిల్లు కూలీ లెక్కలో పడకూడదు. తుపాను మర్నాడు ఊళ్లోకి మిషన్ దించే బండిలోంచి ముందు ఆ జతలు దిగాలి. అవి రాకపోతే రోడ్డు మీద చెట్టు ఇంకో పూట అక్కడే పడి ఉంటుంది.